జరసేపాగు పాట మా ఇంటిది

జూన్ 18, బుధవారం

పొద్దున పాలు పోసి వస్తుంటే ఛత్రినాక అంతా అదే పాట. ఆటోలో అదే, మిర్చీ బండి దగ్గర అదే, ఇస్త్రీ డబ్బాలో అదే. ‘జరసేపాగు, చాయింకా చల్లారలే.’ ఇస్త్రీ చేసే బాలనర్సింహ కళ్లు మూసుకుని మరీ వింటున్నాడు. ఎవరి చొక్కానో కాల్చేస్తాడు ఒకరోజు.

సినిమా ఆడలేదు. పాట మాత్రం ఆగడం లేదు.

రచన వీరరాఘవరావు అని వేశారు. గానం ముంబయి గొంతు. సినిమా చివర పేర్లన్నీ కూర్చుని చూశాను. వంటవాళ్ల పేర్లున్నాయి, బండ్లు తోలినవాళ్ల పేర్లున్నాయి. ఉండాలి కూడా, వాళ్లదీ శ్రమే. కానీ ఇంద్రజ అన్న పేరు ఎక్కడా లేదు. లోకంలో ఈ పాటను మొదట పాడింది మా అక్క.

ట్రాక్ పాడింది. యూసుఫ్‌గూడలో, ఒక స్టూడియోలో. పెద్ద గొంతుకు దారి చూపడానికి చిన్న గొంతు ముందు పాడిపెడుతుంది. తర్వాత చిన్న గొంతును తుడిచేసి పెద్ద గొంతు పెడతారు. అప్పటికి కవి ఇంకా ఏమీ రాసి ఉండడు కాబట్టి ట్యూన్‌కు సరిపడా ఏవో మాటలు అతికించి పాడాలి. దాన్ని డమ్మీ అంటారట. అక్క అతికించిన డమ్మీలో మొదటి వాక్యమే ఇది. అప్పట్లో మిద్దె మీద కూర్చుని తన ఫోన్లో వింటుంటే నేనూ విన్నాను. ఇప్పుడు అదే వాక్యం, అక్షరం మారకుండా, కవిగారి పేరు మీద ఊరేగుతోంది.

కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న చిన్న పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివానో. చెమట ఒకరిది, సంతకం ఒకరిది. మన ఇంట్లోనే జరుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

జూన్ 20, శుక్రవారం

అక్కను అడిగాను. బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు.

“ట్రాక్ అంటే గంతే రా. పాడుతం, తుడుస్తరు. అంజన్, నువ్వు బర్రెలకు గడ్డెయ్యిపో.”

“మరి నీ మాట తుడవలేదు గదా? గొంతు తుడిచి మాట ఉంచుకుంటరా? గిదేం న్యాయం?”

“నోటికొచ్చింది పెట్టిన. మంచిగుంటె ఉంచుకున్నరు.”

“నోటికెట్ల వచ్చింది? ఎవరి మాట అది?”

అప్పుడు తల ఎత్తింది. నన్ను చూసి మళ్లీ చాటలోకి చూసింది. “ఎవరిదైతేంది.”

అక్కకు తన విలువ తెలియదు. అణగిపోయినవాళ్లకు తాము అణగిపోయామని తెలియకపోవడమే పెద్ద అణచివేత. ఇది నేను చదివిన వాక్యమో నా వాక్యమో గుర్తు లేదు. నాదే అనుకుంటాను.

జూన్ 21

తెలిసింది. అది అమ్మ మాట.

బాపు తెల్లారకముందే పాల క్యాన్లు కట్టుకుని వెళ్లేవాడు. అమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, జరసేపాగు, చాయింకా చల్లారలే అనేది. నాకు కళ్లకు కట్టినట్టుంది. ఆ వేళకు నేను నిద్రలో ఉండేవాణ్ని, అయినా గుర్తుంది. అలాంటివి నిద్రలో కూడా చెవిన పడతాయి.

అంటే ఇది ఒక పాడి కుటుంబంలో పుట్టిన మాట. ప్రజల మాట.

జూన్ 24, మంగళవారం

కవిగారి ఇంటికి వెళ్లాను. తిట్టాలనే వెళ్లాను. ఆయన కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. వీరరాఘవరావుగారికి మోకాళ్ల నొప్పులు, సోఫాలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించాలి. నీళ్లు ఆయనే తెచ్చారు. ఇది నన్ను మెత్తబరచడానికే.

“నేను రాసిన పల్లవి వేరే బాబూ. వెన్నెల, వీణ, అలాంటివి పెట్టాను. డైరెక్టరు విన్నాడు, బావుందన్నాడు, కానీ డమ్మీయే కావాలన్నాడు. పాట మొత్తానికి ఒకరి పేరే వేయడం అలవాటు. చరణాలు నావి కదా, నా పేరు పడింది.”

“మా అక్క పేరు పక్కన వేస్తే మీ చరణాలు తగ్గిపోతయా?”

“తగ్గవు. వేయమని నేను అడిగుండాల్సింది,” అన్నారు. దొంగతనం ఒప్పుకున్నట్టే కదా. తర్వాత ఇంకో మాట అన్నారు. “మ్యూజిక్ డైరెక్టరుగారు మీ అక్కకు సొంతంగా ఓ పాట ఇద్దామనుకుంటున్నారు. ట్రాక్ కాదు, అసలు పాటే. ఆమె పేరుతో. ఇప్పుడు గొడవ పెట్టుకుంటే అది పోతుంది. ఆలోచించుకో.”

ఎర. దీన్నే ఎర అంటారు. గుమ్మం దాటుతూ చెప్పేశాను, మా నోళ్లు పాటలతో మూయలేరని.

అక్కకు ఈ సంగతి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనిపించలేదు.

జూన్ 26

అక్కకు తెలుసు. వాళ్లు ముందే చెప్పారట. బోనాలు అయిపోయాక రికార్డింగట. అందుకే నాలుగు రోజులుగా చల్లనీళ్లు ముట్టడం లేదు. పొద్దున అమ్మ పెరుగన్నం పెడితే వద్దంది. “పదేండ్ల సంది ఎవరికో దారి చూపుకుంట పాడిన. గీ ఒక్కటి నాకోసం పాడుకుంట. నువ్వు లొల్లి జెయ్యకు, నీకు దండం పెడ్త,” అంది. నిజంగానే చేతులు జోడించింది. నవ్వుతూనే.

నాకు కోపం లేదు. అక్క మీద అసలు లేదు.

జూన్ 28, శనివారం

సాక్ష్యం కావాలి కదా. సంతోష్‌నగర్ వెళ్లి ఫణికుమార్‌ను కలిశాను. ఆ పాటకు కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసింది ఆయనే. డమ్మీ రికార్డు చేసినరోజు అద్దం అవతల కూర్చున్నదీ ఆయనే. కాకినాడ వాళ్లు, తండ్రి ఆఫీసు ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి ఉండిపోయారు. అప్పట్లో అక్కను సాయంత్రాలు స్కూటర్ మీద ఇంటి దగ్గర దింపి వెళ్లేవాడు. మంచివాడే. పోయిన ఏడాది పెళ్లయింది. మేము పోలేదు, అక్కకు ఆరోజు జ్వరం.

నన్ను చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. “ఇంద్రజ బాగానే ఉందా?” అన్నాడు.

“బాగనే ఉంది. పాట సంగతి మాట్లాడదామని వచ్చిన.”

అంతా చెప్పాను. కెమెరా ముందుకు వచ్చి ఆ వాక్యం మా అక్కదని చెప్పమన్నాను. లోపలి గది తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు, “ఆ మాట ఎక్కడిదో నీకు తెలుసా, అంజన్?”

“తెలుసు. మా అమ్మది. బాపుకు చెప్తుండె.”

“అవునా,” అన్నాడు. కిటికీ వైపు చూశాడు. “సరే. అలాగే అనుకుందాం.”

ఆయన భార్య బిందుమాధవి కాఫీ తెచ్చింది. నవ్వుముఖం. “ఈయన చేసిన వాటిల్లో అంత పెద్ద హిట్టు ఇదేనండీ. ఇంట్లో మాత్రం పెట్టనివ్వరు. రేడియోలో వచ్చినా కట్టేస్తారు. విచిత్రం మనిషి.”

“రోజంతా విని విని విసుగు, అంతే,” అన్నాడు ఫణి.

కెమెరా ముందుకు మాత్రం రానన్నాడు. ఉద్యోగ భయం. మధ్యతరగతి ఇంతే, నిజం తెలిసి కాఫీ తాగుతుంది.

జూలై 1

నాకు కోపం లేదు.

జూలై 4, శుక్రవారం

కరపత్రం అచ్చయింది. పసుపు కాగితం మీద నల్ల సిరా. లాల్‌దర్వాజా నుంచి ఉప్పుగూడ దాకా గోడలన్నిటికీ బోనాల పోస్టర్ల పక్కనే అతికించాం, నేనూ పింటూ కలిసి. పింటూకు బస్తీ వార్తల యూట్యూబ్ ఛానల్ ఉంది, వాడి దగ్గర మైకు కూడా ఉంది. ఇక్కడ ఒక కాపీ రాసి పెట్టుకుంటున్నాను.

“జరసేపాగు పాట మా ఇంటిది. ఛత్రినాక ప్రజలారా, మీ నోట నానుతున్న ఆ మాట ఏ కవి కలంలోనూ పుట్టలేదు. తెల్లవారకముందే పాలు మోసుకుని వెళ్లే భర్త కృష్ణయ్యను చాయ్ తాగి వెళ్లమని మా తల్లి శారదమ్మ బతిమాలిన మాట అది. దానిని పాటగా మలిచింది మా అక్క ఇంద్రజ. పేరు మరొకరిది. శ్రమకు పేరు దక్కేదాకా పోరాడదాం.”

చివరి వాక్యం ఇంకా గట్టిగా ఉండాల్సింది. చోటు చాల్లేదు.

అక్క ఇంకా చూడలేదు. చూశాక అర్థం చేసుకుంటుంది. ఆమె కోసమే కదా.

జూలై 6, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పింటూ మైకు పట్టుకుని ఇంటికి వచ్చాడు. లైవ్ పెట్టాడు. వాకిట్లో బస్తీ సగం పోగయింది. అమ్మ కొత్త చీర కట్టుకుంది. బాపు బర్రెల దగ్గర్నుంచి రానే లేదు.

“శారదమ్మా, ఆ రోజులు జర యాది జేసుకోండి. అన్న పాలకు పోయేటప్పుడు మీరేమంటుండె?”

“ఏమంటుంటి?” అంది అమ్మ. “మూతలు సక్కగ పెట్టుకో అంటుంటి.”

నవ్వులు. నేను వెనక నుంచి, “అమ్మా, చాయ్ సంగతి చెప్పు,” అన్నాను.

“ఏం చాయ్ రా? మీ బాపుకు చాయ్ తాగె పుర్సతెక్కడిది? బర్రె కాడనే ఇన్ని పచ్చిపాలు తాగి ఉరుకుతుండె. నేను ఆగు అంటనా? ఆగితె పాలు ఇరిగిపోవా?”

అందరూ పడీ పడీ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. తను ఏదో బాగా చెప్పాననే అనుకుంది. అప్పుడు పక్కింటి అమల వదిన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అందరికీ వినపడేంత మెల్లగా అంది.

“మరి మీరు అనకపాయె. ఇంద్రజనేమో పాడె. ఆగుమని ఎవరికి చెప్పినట్టు?”

నవ్వులు ఆగిపోయాయి. అక్క గుమ్మంలో ఉంది. అందరూ అటు తిరిగారు. పింటూ కెమెరా కూడా తిరిగింది. వాడిది తప్పు కాదు, అలవాటు.

అక్క లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

జూలై 8

అక్క బస్సెక్కడానికి వెళ్తుంటే పోరగాళ్లు వెనక నుంచి, “జరసేపాగు,” అన్నారు. ఒకడి కాలర్ పట్టుకున్నాను. “పాటనే గదా పాడినం భాయ్. మీ ఇంటి పాటనే గదా. నువ్వే గోడకు పెట్టినవ్,” అన్నాడు. వాణ్ని కొట్టాను. పెదవి పగిలింది, నాదే.

స్టూడియో నుంచి ఫోనొచ్చింది. బోనాల తర్వాత పాట ఇప్పుడప్పుడే ఉండదట. ఎందుకని అక్క అడగలేదు. సరే సార్, సరే సార్ అని రెండుసార్లు అంది. పెట్టేసి ఫ్రిజ్ తీసి చల్లనీళ్లు తాగింది. సీసా సగం అయ్యేదాకా.

బాపు నాతో మాట్లాడటం లేదు. పాల గిన్నె నా ముందు పెట్టి వెళ్లిపోతున్నాడు.

జూలై 9

నేను ఆ సంగతి రాయను.

జూలై 9, సాయంత్రం

స్కూటర్ ఆపి ఆయన మీదికి వచ్చేవాడు. మిద్దె మీద గోడ వారగా కూర్చునేవాళ్లు, పాట గురించే మాట్లాడుకునేవాళ్లు. అమ్మ చాయ్ కలిపేది. మీదికి పట్టుకెళ్లింది నేను. ప్రతిసారీ నేనే. గ్లాసులు పెట్టి, ఫణి అన్నా ఈసారి ఏ సినిమా అని అడిగి, దిగి వచ్చేసేవాణ్ని. మెట్లు దిగుతుంటే వెనక నుంచి అక్క మాట వినపడేది. వినపడేది. నిద్రలో కాదు.

అమ్మ గొంతు అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో.

జూలై 11, శుక్రవారం

అక్క నా గదిలోకి వచ్చింది. మంచం మీద పుస్తకాలు పక్కకు జరిపి కూర్చుంది.

“నాకోసమే చేసిన అంటవ్. నన్నడిగినవా?”

“అడిగిన. ఎవరి మాటని అడిగితె చెప్పలేదు నువ్వు.”

“చెప్పకపోతె చెప్పలేదని ఊకోవాలె. అమ్మదని గోడలకు అంటిస్తవా?”

నేను పుస్తకాల్లో చదివినది చెప్పబోయాను. పేరు లేకపోవడం ఎంత అన్యాయమో. చెయ్యి అడ్డం పెట్టింది.

“విను. గారోజు మైకు ముంగట కూసున్న. ట్యూన్ పెట్టిండ్రు. ఆయనకు సంబంధం కుదిరిందని ఆరోజు పొద్దుగాలనే తెలిసింది నాకు, ఇంకెవరో చెప్తె. అద్దం అవతల ఆయనే కూసున్నడు. మాటలేం పెట్టాల్నో సమజైతలేదు. నోరు తెరిస్తె గదే వచ్చింది. టేకు అయినాక తీసేస్తడనుకున్న. తియ్యలే. అట్లనే పంపిండు. నాకు గంతే చాలనుకున్న. అందరు వింటరు, ఎవరికి తెల్వదు. అది నాకు మంచిగుండె రా. ఆటోల వినపడితె మంచిగుండె.”

“ఆయన్ని నేను...”

“నువ్వు ఇంట్ల కూసో. ఆ పిల్ల ఏం జేసింది? కాఫీ తాగొచ్చినవ్ గదా ఆమె చేతిది.”

అక్కకు ఎలా తెలుసో. బహుశా ఆయన ఫోన్ చేసి ఉంటాడు. చాలా రోజుల తర్వాత. అడగలేదు.

జూలై 12

స్టూడియో మేనేజరు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి నాకే. దారి ఉందట. అదంతా పొరపాటు, ఆ వాక్యానికీ మాకూ సంబంధం లేదు, తమ్ముడు తెలియక చేశాడు అని అక్క ఒక వీడియోలో చెప్తే, రికార్డింగ్ అనుకున్నట్టే జరుగుతుందట. సొంత పాట. పేరుతో.

బస్తీ నోరు కూడా మూతపడుతుంది. ఆ మాటే తనది కాకపోతే ఎవరికి చెప్పావని ఎవరడుగుతారు?

మధ్యాహ్నమంతా కూర్చుని రాశాను. నా మీద నేనే ఇంత చెడ్డగా రాసుకోవడం ఇదే మొదలు. ‘ఆవేశపరుడైన నా తమ్ముడు’ అని పెట్టాను. ‘ఆ పల్లవి పూర్తిగా కవిగారిదే’ అని పెట్టాను. ఆ వాక్యం రాసేటప్పుడు పెన్ను నొక్కుకుపోయి కాగితం చిరిగింది. మళ్లీ రాశాను.

అక్క చదివింది. “మంచిగ రాసినవ్,” అంది. మడిచి దిండు కింద పెట్టుకుంది. “రేపు పింటూను రమ్మను.”

గెలిచామా ఓడామా నాకు తెలియడం లేదు. పాట అయితే దక్కుతుంది. అది చాలు. అది చాలని రాసుకుంటున్నాను.

జూలై 13, ఆదివారం

అదే వాకిలి. పోయినవారం కంటే ఎక్కువ జనం. అమల వదిన ముందు వరసలో కుర్చీ వేసుకుంది. అమ్మ ఈసారి కొత్త చీర కట్టుకోలేదు, వంటింటి గుమ్మం దాటలేదు. బాపు మాత్రం వచ్చాడు. చేతులకు పేడ ఉండగానే వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పింటూ లైవ్ పెట్టి, “చెప్పక్కా,” అన్నాడు.

అక్క చేతిలో కాగితం లేదు.

“మా తమ్ముడు గోడల మీద పెట్టింది తప్పు,” అంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. “అది మా అమ్మ మాట కాదు. నా మాట. స్టూడియోల నేను పెట్టిన మాట. కవిగారు పెద్దమనిషి, చరణాలు ఆయనవి, మస్తు రాసిండు. మొదటి మాట మాత్రం నాది.”

మేనేజరు కూడా ఎక్కడో చూస్తూనే ఉండుంటాడు. పాట పోయింది, అక్కడికక్కడ, నా కళ్లముందు. ఆపుదామని అడుగు వేశాను. బాపు పేడ చేతితో నా భుజం పట్టుకున్నాడు.

పింటూ గొంతు తగ్గించి, భయం భయంగా అడిగాడు. వాడు అడగకపోతే అమల వదిన అడిగేది. “గా మాట ఎవరికోసమని పెట్టినవక్కా?”

“ఒకాయనకు చెప్పిన. ఆయన ఆగలే.”

“పేరు?”

“ఆగినోడైతె పేరు చెప్తుంటి.”

ఎవరో నవ్వబోయి మానేశారు. అక్క అమల వదిన వైపు చూసింది, కోపంగా కాదు, పక్కింటి మనిషిని చూసినట్టే. తర్వాత పాడింది. సినిమాలో ఉన్నట్టు కాదు. డమ్మీలో తను మొదట పెట్టుకున్నట్టు. రెండో వాక్యాన్ని వాళ్లు తీసేశారు. నేనూ మరిచిపోయాను.

జరసేపాగు, చాయింకా చల్లారలే
పొద్దింకా గోడ దిగలే

మైకు లేకుండానే వీధి చివరిదాకా వెళ్లింది. ఇన్నాళ్లు ఈ గొంతును తుడిచారు. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బాలనర్సింహ కళ్లు తుడుచుకుని, ఇస్త్రీ పెట్టెలో నిప్పులు ఉన్నాయని గుర్తొచ్చి పరుగెత్తాడు.

బాపు నా భుజం వదిలి, “పద, గడ్డి కొయ్యాలె,” అన్నాడు. ఎనిమిది రోజుల్లో నాతో మాట్లాడిన మొదటి మాట.

జూలై 15

స్టూడియో నుంచి ఫోన్ లేదు. ఇక ఉండదు. అక్క ఫోన్ దగ్గర పెట్టుకోవడం కూడా మానేసింది.

కవిగారు ఫోన్ చేశారు. ఆమె చెప్పింది నిజమని ఎవరడిగినా చెప్తానన్నారు. అక్కతో చాలాసేపు మాట్లాడారు. నాకు ఇవ్వమని నేను సైగ చేశాను. అక్క ఇవ్వలేదు.

అమ్మ వంటింట్లో నా ఫోన్ అడిగి తీసుకుంది. ఆ వీడియో పెట్టమంది. ఒకసారి చూసి, మళ్లీ పెట్టమంది. “ఆ పిల్లగాడు చాయ్ మంచిగుందని ఎప్పుడన్న అన్నడా?” అని అడిగింది. గుర్తులేదన్నాను. “అననే ఉండడు,” అని పోపు వేసింది.

పోరగాళ్లు ఇప్పుడు అక్క వెళ్తుంటే ఏమీ అనడం లేదు. ఒకడు జరిగి దారి ఇచ్చాడు.

జూలై 16

కరపత్రం రెండోది రాయడం మొదలుపెట్టాను. ‘ఒక గొంతును చంపిన స్టూడియో’. మూడు వాక్యాలు వచ్చాయి. బాగా వచ్చాయి. అక్క వెనక నిలబడి చదివినట్టుంది. “నేను సచ్చిననా రా?” అంది.

ఆపేశాను.

జూలై 17, గురువారం

పాలు పోసి వచ్చాను. చెయ్యి ఊరుకోవడం లేదు, ఏదో ఒకటి చేయాలనిపిస్తోంది, ఎవరినో ఒకరిని నిలదీయాలనిపిస్తోంది. వీధిలో బోనాల పందిరి కడుతున్నారు, కాసేపు గుంజలు పాతాను. అయినా తగ్గలేదు.

లోపల అక్క సాధన చేస్తోంది. నేనెప్పుడూ వినని పాట. ఒకే వాక్యం దగ్గర ఆగి, మాట మార్చి, మళ్లీ మొదటి నుంచి అందుకుంటోంది. గుమ్మం దాకా వెళ్లాను. ఎవరి సినిమాకు, ఎవరి మాటలు, ఎవరి గురించి అని నోటి చివరిదాకా వచ్చింది.

అడగలేదు. గడప బయట కూర్చున్నాను.